పేరు చెరిగిన ఫ్రెంచి సైకిల్ ఫ్రేము: చేసినవారి జాడ పట్టడం ఎలా?

లియాన్ నగరంలో ఒక ఆదివారం పాతసామాను సంతలో నేను కొన్న ఫ్రేముకు ఒంటి నిండా ఆకుపచ్చ రంగు పూసి ఉంది. అది తలుపులకు వేసే రంగు. తలుపులకు వాడిన కుంచెతోనే వేసినట్టున్నారు, రెండు మూడు వెంట్రుకలు అందులోనే ఎండిపోయాయి. పేరు లేదు, బిళ్ల లేదు, స్టిక్కర్ లేదు. ఇది ఏ కంపెనీదని అమ్మినాయనను అడిగితే భుజాలు ఎగరేసి, "పాతది" అన్నాడు. ఆ జవాబు ఎంత నిజాయితీగా ఉందో తెలుసుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

మీ చేతికి కూడా ఇలాంటి ఫ్రేమే వచ్చి ఉంటే, పానా పట్టుకునే ముందు ఆ దేశపు సైకిల్ వ్యాపారం ఎలా నడిచిందో కొంచెం తెలుసుకోవాలి. ఫ్రాన్స్‌లో చిన్న పట్టణాల్లో కూడా సైకిల్ షాపు యజమాని తన ఇంటిపేరు మీదే సైకిళ్లు అమ్మేవాడు. కొందరు నిజంగానే వెనక గదిలో కూర్చుని గొట్టాలు అతికేవారు. ఇంకెందరో సాంత్-ఎతియెన్ లాంటి చోట్ల తయారైన పేరు లేని ఫ్రేములు తెప్పించుకుని, రంగు వేయించి, తమ పేరు అచ్చువేసిన స్టిక్కర్ అంటించేవారు. అందువల్ల "ఎవరు చేశారు" అనే ప్రశ్నను మూడుగా విడగొట్టుకోవాలి. గొట్టాలూ, అవి కలిసే చోట తొడిగే లగ్గులూ ఎవరివి? వాటిని అతికింది ఎవరు? అమ్మింది ఎవరు? పెద్ద కంపెనీల ఫ్రేముల్లో కూడా ఈ మూడింటికీ ఒకే పేరు రాదు. పుజో వంటి సంస్థ కూడా లగ్గులు బయట కొన్నది, మంచి గొట్టాలు ఇంగ్లండు నుంచి తెచ్చుకున్నది.

ఇంకో సంగతి. మన షాపుల్లో నేర్చిన చేతికి ఫ్రెంచి సైకిల్ మొదట్లో లొంగదు. మనకు సైకిల్ తయారీ ఇంగ్లండు నుంచి వచ్చింది. మద్రాసులో 1949లో మొదలైన టీఐ సైకిల్స్ వెనక ఉన్నది కూడా ఇంగ్లండు కంపెనీయే. కాబట్టి మన మరలన్నీ అంగుళాల లెక్క. ఫ్రెంచివాళ్లది మిల్లీమీటర్ల లెక్క. దీన్ని తలనొప్పిగా తీసుకోకండి, మొదటి ఆధారం ఇక్కడే దొరుకుతుంది.

పని మొదలుపెట్టే ముందు

ఫ్రేమును కడగవద్దు, గీకవద్దు, రంగు వేయించవద్దు. ముందు ఫొటోలు తీయండి: ముందు గొట్టం, లగ్గులు ఒక్కొక్కటి, సీటు గొట్టం పైకొస, వెనక ఇరుసు కూర్చునే పలకలు, పెడళ్ల దగ్గరి అడ్డ గొట్టం అడుగు. ఫ్రేముతో పాటు వచ్చిన తుప్పు బోల్టులను కూడా ఒక డబ్బాలో వేసి ఉంచండి.

వెర్నియర్ కాలిపర్ తప్పనిసరి. మరల గేజి ఉంటే మంచిది. టార్చి, మెత్తని పెన్సిలు, పలచని కాగితం, కొంచెం కిరోసిన్, పాత టూత్‌బ్రష్ కావాలి. నోట్లు పరీక్షించే అల్ట్రావయొలెట్ టార్చి చవగ్గానే దొరుకుతుంది, అది తర్వాత పనికొస్తుంది.

ఆధారాలకు ఒక వరుస పెట్టుకోండి. బ్రేజింగు చేసి, అంటే ఇత్తడి కరిగించి, అతికినవాటిని గట్టి సాక్షులుగా తీసుకోవాలి, ఎందుకంటే నిప్పు పెట్టకుండా వాటిని మార్చడం కుదరదు. మరలతో బిగించినవి ఎప్పుడో ఎవరో మార్చి ఉండవచ్చు. జిగురుతో అంటించినవి అందరికన్నా చివర నిలబడాలి. పాత కంపెనీల స్టిక్కర్లను కొత్తగా అచ్చువేసి అమ్మేవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అన్నట్టుండే ఫ్రేములు మార్కెట్లో కావలసినన్ని ఉన్నాయి.

ఇది ఫ్రెంచిదేనా?

గొట్టాలు కొలవండి. పాత ఫ్రెంచి ఫ్రేములో సీటు గొట్టం, కింది వాలు గొట్టం బయటి వ్యాసం 28 మిల్లీమీటర్లు, పై అడ్డ గొట్టం 26. ఇంగ్లీషు కొలతల ఫ్రేములో అవే 28.6, 25.4. చదవడానికి ఎంత తేలికగా ఉందో చూడండి. నేను నా పచ్చ ఫ్రేము సీటు గొట్టాన్ని కొలిస్తే 28.5 వచ్చింది. ఇంగ్లీషుది అంటగట్టాడని ఆ రాత్రంతా అమ్మినవాణ్ణి తిట్టుకున్నాను. మర్నాడు పై గొట్టం కొలిస్తే 26.5. అంత లావు పై గొట్టం ఇంగ్లీషు ఫ్రేముకు ఉండదు. తప్పు గొట్టానిది కాదు, దాని మీద ఎక్కిన రెండు మూడు పూతల రంగుది.

అక్కడ నేర్చుకున్న చిట్కా ఇది: సీటు గొట్టం కొలతలోంచి పై గొట్టం కొలత తీసేయండి. రంగు రెండింటి మీదా ఇంచుమించు ఒకే మందంలో ఉంటుంది కాబట్టి తీసివేతలో పోతుంది. తేడా 2 మి.మీ. చుట్టుపక్కల వస్తే మెట్రిక్ కొలత, 3.2 వస్తే ఇంగ్లీషు కొలత. ఒక్కో గొట్టాన్ని మూడు చోట్ల, రెండు దిక్కుల్లో కొలవండి. నలభై ఏళ్లుగా ఎవరెవరో బిగించిన పట్టీల వల్ల గొట్టం గుండ్రంగా ఉండకపోవచ్చు.

తర్వాత పెడళ్ల ఇరుసు తిరిగే అడ్డ గొట్టం, అంటే బాటమ్ బ్రాకెట్. దాని వెడల్పు 68 మి.మీ., లోపలి మర 35 మి.మీ. వ్యాసం, ఒక్కో చుట్టుకు 1 మి.మీ. దూరం, రెండు వైపులా మామూలు కుడి మర: ఇదీ ఫ్రెంచి లెక్క. ఇంగ్లీషు దాంట్లో 1.37 అంగుళాల వ్యాసం, అంగుళానికి 24 చుట్లు, కుడివైపు కప్పు (బేరింగును పట్టి ఉంచే మర గిన్నె) ఎడమ మర, అంటే ఎదురు దిక్కులో తిరిగేది. ఇటాలియన్ వెడల్పు 70 మి.మీ., మర 36 మి.మీ. 35 × 1 మర ఉండి కుడి కప్పు ఎడమ మర అయితే అది స్విస్ పద్ధతి. స్విస్ అనగానే స్విట్జర్లాండ్ అనుకోకండి. ఫ్రెంచి కంపెనీ మోటోబెకాన్ కూడా 1970ల రెండవ సగంలో ఈ పద్ధతి వాడింది. ఫ్రెంచి గొట్టాల ఫ్రేములో స్విస్ మర కనిపిస్తే నేను మొదట ఆ పేరునే తలుచుకుంటాను.

కప్పు ఎటు తిప్పాలో తెలియకుండా బలం పెట్టవద్దు. ముందు కప్పు ముఖం మీది తుప్పును కిరోసిన్‌తో తుడవండి. చాలా కప్పుల మీద 35 × 1 అని గుద్ది ఉంటుంది. లేకపోతే ఎడమవైపు సర్దుబాటు కప్పును ముందు తీయండి, అన్ని పద్ధతుల్లోనూ అది మామూలుగానే విప్పుకుంటుంది. తీసిన కప్పు మర మీద వెర్నియర్ పెట్టి పది చుట్ల దూరం చూడండి. ఫ్రెంచిది సరిగ్గా 10 మి.మీ. ఉంటుంది, ఇంగ్లీషుది 10.6 దగ్గరికి పోతుంది. అంత మర లేకపోతే అయిదు చుట్లు కొలిచి రెట్టింపు చేయండి. గేజి ఉంటే ఇంత పని లేదు, 1 మి.మీ. పలక మర మీద వెలుతురు కనిపించకుండా కూర్చుంటే చాలు.

ఒక మెలిక ఉంది. మర పాడైపోయిన ఫ్రెంచి గొట్టాన్ని మెకానిక్కులు లోపల తొలిచి ఇటాలియన్ 36 మి.మీ. మర వేస్తారు. అలాంటప్పుడు మర ఇటాలియన్ అని చెబుతుంది, వెడల్పు మాత్రం 68 దగ్గరే ఉండిపోతుంది. అలా కనిపిస్తే వెడల్పు మాటే నమ్మండి.

హ్యాండిల్ కాండం ఫోర్కు గొట్టంలోకి దిగే చోట కూడా చూడండి. ఫ్రెంచి కాండం వ్యాసం 22.0, ఇంగ్లీషుది 22.2. ఫోర్కు పైమర ఫ్రెంచిదైతే 25 మి.మీ., ఇంగ్లీషుదైతే 25.4. పెడళ్లు మిగిలి ఉంటే వాటి ఇరుసు చివర అక్షరాలు వెతకండి. ఫ్రెంచిలో కుడిని "ద్రువాత్" అంటారు, ఎడమను "గోష్" అంటారు. ఆ మాటల మొదటి అక్షరాలు డి, జి అక్కడ ఉంటాయి. పెడళ్లు మారేవే, అయినా మిగతావాటితో కలిస్తే బలం చేకూరుతుంది.

ఇన్ని కుదిరినా ఒక అనుమానం ఉంచుకోండి. స్పెయిన్, బెల్జియం, స్విట్జర్లాండ్‌లలో కూడా ఫ్రెంచి కొలతలు వాడినవారున్నారు. ఫ్రాన్స్‌లో చేసినవే అయినా కొన్ని ఖరీదైన ఫ్రేములు ఇటాలియన్ కొలంబస్ గొట్టాలతో, ఇంగ్లీషు వ్యాసాల్లో వచ్చాయి. 1980ల నడిమికి పెద్ద కంపెనీలు ఫ్రెంచి మరలు వదిలి ఇంగ్లీషు మరలకు మారిపోతున్నాయి. మర ఇంగ్లీషుది అన్న ఒక్క కారణంతో ఫ్రేమును అవతల పెట్టకండి.

ఏ కాలానిది?

వెనక పలకల మధ్య దూరం చూడండి. అయిదు పళ్లచక్రాల కాలంలో 120 మి.మీ., ఆరు పళ్లచక్రాలు వచ్చాక 126. 110 నుంచి 114 వరకు ఉంటే మూడు నాలుగు పళ్లచక్రాల కాలానిది, లేదా గేర్లు లేని మామూలు సైకిల్. ఎవరైనా తర్వాత కాలంలో పలకలను బలవంతంగా విడదీసి ఉంటే రెండు పలకలూ సమాంతరంగా ఉండవు. కంటితో చూసినా తెలుస్తుంది.

విడిభాగాలు ఉంటే కాలం ఇంకా ఇరుకవుతుంది. సిమ్‌ప్లెక్స్ కంపెనీ ప్లాస్టిక్ గేరు మార్చే యంత్రాలు 1960ల మొదట్లో వచ్చాయి, అంతకుముందువి లోహంవి. ఇటలీకి చెందిన కాంపన్యోలో కంపెనీ హబ్బుల ఇరుసు నట్ల మీద కొన్నిటికి ఏడాది అంకెలు గుద్ది ఉంటాయి. అయితే చక్రం సైకిల్‌తో పుట్టిందని గ్యారంటీ లేదు. విడిభాగాల మీద దొరికిన తేదీని ఫ్రేము పుట్టిన తేదీగా రాసుకోకండి. అన్ని భాగాల తేదీలూ ఒకే ఏడాది చుట్టూ గుమిగూడితే అప్పుడు నమ్మవచ్చు.

లగ్గులూ పలకలూ

ఇక్కడ తీరిగ్గా కూర్చోండి. లగ్గు అంటే గొట్టాలు కలిసే చోట తొడిగిన ఉక్కు తొడుగు. ఫ్రాన్స్‌లో లగ్గులు చేసే కంపెనీలు విడిగా ఉండేవి: నెర్వెక్స్, బొకామా, ప్రున్యా. నెర్వెక్స్ ప్రొఫెషనల్ రకాన్ని ఒకసారి చూస్తే మరిచిపోరు. అంచులు ముగ్గు మెలికల్లా వంపులు తిరిగి, కొసలు సన్నగా సాగి ఉంటాయి. పుజో వారి పీఎక్స్-10 రేసు సైకిల్ మీద ఇవే కనిపిస్తాయి. ఇంగ్లండులో చేతిపనివారు కూడా వీటినే వాడారు, అమెరికాలో ష్విన్ పారమౌంట్ మీద కూడా ఇవే ఉన్నాయి. లగ్గు ఫ్రాన్స్‌ది అయినంత మాత్రాన ఫ్రేము ఫ్రాన్స్‌ది కానక్కరలేదు.

నా పరువు పోయింది కూడా ఇక్కడే. బాటమ్ బ్రాకెట్ అడుగున పచ్చ రంగు కింద అక్షరాలు తగిలాయి. కాగితం పరిచి పెన్సిలుతో రుద్దితే బొకామా అని తేలింది. సంబరంగా స్నేహితులందరికీ ఫోను చేసి, నాది బొకామా సైకిల్ అని చెప్పాను. అందులో ఒక ముసలాయన నలభై ఏళ్లు సైకిళ్లు బాగుచేసినవాడు. ఆయన ఓపిగ్గా విని, "బాబూ, మీ ఇంటి తలుపు గడియ మీద ఉన్న పేరు మీ ఇంటిపేరా?" అని అడిగాడు. అప్పటి నుంచి గుద్దిన పేరు ఏది కనిపించినా ముందు లగ్గుల కంపెనీల జాబితాలో వెతుకుతున్నాను.

వెనక ఇరుసు పలకల మీది పేరు కూడా ఇంతే. సిమ్‌ప్లెక్స్, ఉరే, కాంపన్యోలో అని ఉంటే అది పలక చేసినవారి పేరు. అయితే గేరు యంత్రం తగిలించే కన్నం మాత్రం చాలా చెబుతుంది. సిమ్‌ప్లెక్స్ పద్ధతి కన్నంలో మర ఉండదు, వెనక ఆపు గంటు కూడా ఉండదు. కాంపన్యోలో కన్నంలో 10 మి.మీ. మర, ఆపు గంటు రెండూ ఉంటాయి. ఉరే వాళ్ల గంటు ఇంకో కోణంలో ఉంటుంది. మర లేని కన్నానికి తర్వాత మర కోసి, ఆకురాయితో గంటు పెట్టుకోవడం అప్పటి మెకానిక్కులకు రోజువారీ పని. గంటు అంచులు పదునుగా, రంగు కింద క్రోమియం లేకుండా ఉంటే అది తర్వాత పెట్టినదే.

అతుకు పనితనం చూడండి. లగ్గు అంచు గొట్టం మీదికి పలచబడుతూ దిగిందా, లేక మందంగా మొద్దులా ఆగిందా? అంచు వెంట ఇత్తడి సమానంగా కనిపిస్తోందా, బొట్లు బొట్లుగా కారిందా? వెనక సన్న గొట్టాలు సీటు లగ్గుకు అతుక్కునే చోట మూత ఎలా ఉంది: చదునుగా కోశారా, గుంటగా మలిచారా, లగ్గు చుట్టూ తిప్పి రెండిటినీ కలిపేశారా? ఈ మూత రకం, ఫోర్కు పైభాగపు కిరీటం రకం, వెనక చక్రం దగ్గరి అడ్డ కడ్డీ రకం, ఈ మూడూ కలిసి ఒక పనివాడి చేతిరాత లాంటివి. మూడింటినీ దగ్గర నుంచి ఫొటో తీయండి. తర్వాత పోల్చుకోవడానికి ఇవే పనికొస్తాయి.

లగ్గులే లేకుండా గొట్టాలు నున్నగా కలిసిపోయి, బరువుగా, మామూలు రకంగా ఉంటే పుజో కార్బోలైట్ 103 ఫ్రేము కావచ్చు. 1980ల నాటి ఆ ఫ్రేముల్లో అతుకు తొడుగు లోపల ఉంటుంది. అల్యూమినియం గొట్టాలను జిగురుతో అతికినదైతే వీటుస్ 979 ఫ్రేమును గుర్తు చేసుకోండి. దాన్ని రకరకాల పేర్లతో అమ్మారు.

గొట్టం నాణ్యత తెలియాలంటే సీటు కడ్డీ కొలత చూడండి. మెట్రిక్ కొలతలో, ఇంగ్లండు రేనాల్డ్స్ కంపెనీ 531 గొట్టాల్లో చివరలు మందంగా చేసిన రకానికి 26.4 మి.మీ. కడ్డీ పడుతుంది, అదే రకం ఇంగ్లీషు కొలతలో 27.2. అంతకన్నా బాగా తక్కువ పడితే గొట్టం గోడ మందం, అంటే చౌక రకం. ఫోర్కు తీసినప్పుడు దాని నిలువు గొట్టం లోపలికి టార్చి వేయండి. కింది భాగంలో మెలితిరిగిన గట్లు కనిపిస్తే కొలంబస్. గొట్టాన్ని వేలితో కొట్టి శబ్దం బట్టి 531 అని తేల్చేవాళ్లను నేను చాలామందిని చూశాను. వాళ్ల చెవుల మీద నాకు నమ్మకం లేదు.

అంకెలు

బాటమ్ బ్రాకెట్ అడుగు, ఎడమ వెనక పలక, సీటు లగ్గు వెనక, ఫోర్కు నిలువు గొట్టం: ఈ నాలుగు చోట్లా వెతకండి. రంగు గీకకుండా కిరోసిన్, బ్రష్‌తో శుభ్రం చేసి, టార్చిని పక్క నుంచి వాలుగా పట్టుకోండి. నీడలో అంకె లేస్తుంది. కాగితం మీద పెన్సిలు రుద్దుడు ఫొటో కన్నా బాగా పనిచేస్తుంది.

ఫ్రాన్స్ మొత్తానికి ఒకే నంబర్ల పట్టీ లేదు. ఆరేడు అంకెల సంఖ్య ఉంటే పెద్ద కర్మాగారం అనుకోవచ్చు, మూడు నాలుగు అంకెలుంటే చిన్న చోటు. 54, 56 లాంటి రెండు అంకెలు విడిగా ఉంటే అది చాలాసార్లు ఫ్రేము సైజు సెంటీమీటర్లలో. సీటు గొట్టం కొలిచి చూసుకోండి. ఫ్రేము మీదా ఫోర్కు మీదా ఒకే అంకె ఉంటే రెండూ ఒక చేతి కిందే తయారయ్యాయి. చేతిపనివారు, మంచి షాపులు అలా గుద్దేవారు. పుజో కొన్నేళ్లపాటు నంబరును చిన్న అల్యూమినియం పలక మీద గుద్ది, ఆ పలకను బాటమ్ బ్రాకెట్ అడుగున రివెట్లతో బిగించింది. పలక ఊడిపోయి రెండు చిన్న కన్నాలు మాత్రమే మిగిలిన ఫ్రేములు ఎన్నో ఉన్నాయి. ఆ కన్నాలు కనిపిస్తే మొదటి అనుమానం తూర్పు ఫ్రాన్స్‌లోని ఆ పుజో కర్మాగారం మీదికే పోవాలి.

రంగు కింద ఏముంది?

ముందు గొట్టం మీద బిళ్ల రివెట్ల కన్నాలు వెతకండి. వాటిలో పుట్టీ నింపి రంగు వేసి ఉండవచ్చు. వేలి కొసతో తడిమితే గుంట తెలుస్తుంది. లోపలి వైపు నుంచి టార్చి వేస్తే ఇంకా స్పష్టం. కన్నాలు నిలువుగా ఉన్నాయా అడ్డంగా ఉన్నాయా, మధ్య దూరం ఎంత, అర మిల్లీమీటరు తేడా లేకుండా రాసుకోండి. ఒక బిళ్లను తెచ్చి "ఇదే దీనిది" అనేవాళ్ల నోరు మూయించడానికి ఈ ఒక్క కొలత చాలు.

అసలు రంగు ఎక్కడ మిగిలి ఉంటుందంటే ఫోర్కు కిరీటం పైన, బేరింగు కప్పు కింద, సీటు గొట్టం లోపలి అంచున, కేబుల్ పట్టీ ఉన్న చోట. పై రంగు చమురు రంగు అయితే, కింది పాత కర్మాగారపు పూత గట్టిగా కాల్చినదైతే, పై పొరను మాత్రమే ఊడదీయవచ్చు. తడిపిన అతి సన్నని గరుకు కాగితంతో, వాలు గొట్టం మీద అగ్గిపెట్టెంత చోట మొదలుపెట్టండి. పది రుద్దులకొకసారి ఆగి తుడిచి చూడండి. స్టిక్కర్ మీద రంగు వేసి ఉంటే అక్షరాల అంచు మొదట సన్నని గీతలా బయటపడుతుంది. అక్కడితో గరుకు కాగితం ఆపి, మెత్తని గుడ్డకు పాలిష్ ముద్ద రాసి సాగండి. ఆత్రపడితే అక్షరం కూడా పోతుంది. నా ఫ్రేము మీద మొదటి అక్షరం అలాగే పోయింది.

స్టిక్కర్ ఊడిపోయినా నీడ మిగలవచ్చు. స్టిక్కర్ కింద ఉన్న రంగు ఎండకు వెలవదు, చుట్టూ ఉన్నది వెలుస్తుంది. చీకటి గదిలో అల్ట్రావయొలెట్ టార్చి వేసి, కళ్లు అలవాటు పడేదాకా రెండు నిమిషాలు ఆగి చూడండి. నాకు పచ్చ పొర కింద నీలం, నీలం మీద పచ్చిక రంగు నీడలో ఒక ఇంటిపేరు చివరి అయిదు అక్షరాలు, కింద చిన్నగా "విల్యోర్బాన్" కనిపించాయి. లియాన్ పక్కనే ఉన్న పట్టణం అది. అంటే నాకు దొరికింది అమ్మిన షాపు, చేసిన చెయ్యి కాదు.

పేర్ల దగ్గరికి

ఇప్పుడు పోలిక. పెద్ద కంపెనీలతో మొదలుపెట్టండి, ఎందుకంటే వాళ్ల పాత కేటలాగుల నకళ్లు ఇంటర్నెట్‌లో చాలా ఉన్నాయి. పుజోకు 1960లలో తెల్లని పీఎక్స్-10: నెర్వెక్స్ లగ్గులు, 531 గొట్టాలు, సిమ్‌ప్లెక్స్ గేర్లు, మాఫాక్ బ్రేకులు, స్ట్రాంగ్‌లైట్ క్రాంకులు. పశ్చిమాన మాషెకూల్‌లో జితాన్, సాంత్-ఎతియెన్‌లో రేసు వీరుడు పులిడోర్ జట్టు మెర్సియే, అక్కడే మాన్యుఫ్రాన్స్ వారి ఇరొండెల్, ఇంకో రేసు వీరుడు అంక్తిల్ 1950ల చివర తొక్కిన ఎలియెట్, లియాన్‌లో ఫోలిస్, నీస్‌లో ఉరాగో. మోటోబెకాన్ 1923లో మోటారు సైకిళ్లతో మొదలై, 1980లలో ఎంబీకే అని పేరు మార్చుకుంది. కేటలాగులో రంగు కన్నా లగ్గు ఆకారం, కిరీటం, మూత రకం పోల్చండి. ఒకే కంపెనీ ఒకే మోడల్‌కు ఏడాదికొక లగ్గు వాడిన సందర్భాలున్నాయి కాబట్టి వరుసగా అయిదారు ఏళ్ల కేటలాగులు తిరగేయాలి.

చేతిపనివారిది వేరే లోకం. రెనే ఎర్స్, అలెక్స్ సింగర్ ఇద్దరూ పారిస్ పక్కన లెవల్వా-పెరెలో పనిచేశారు. గ్రెనోబుల్‌లో రూతాన్స్ ఉన్నాడు. దూర ప్రయాణాల సైకిళ్లు వీళ్ల ప్రత్యేకత. బ్రేకు గుబ్బలను ఫ్రేముకే బ్రేజింగు చేస్తారు, డైనమో తీగ గొట్టం లోపలి నుంచి పోయేలా చిన్న కన్నం పెడతారు, మడ్‌గార్డుకూ సామాను చట్రానికీ కొలిచి మరీ గుబ్బలు అతుకుతారు. ఇవన్నీ ఉంటే ఆశ పెట్టుకోవచ్చు. ఒకటే ఉంటే ఆశ తగ్గించుకోండి. గుబ్బలు అతకడం ఊరి మెకానిక్కు కూడా చేయగలడు. ఈ పేర్లు ధరను ఎన్నో రెట్లు పెంచుతాయి. అమ్మేవాడు "ఎర్స్ కావచ్చు" అన్నప్పుడు ఆ "కావచ్చు" ఖరీదు ఎంతో మీరే లెక్కేసుకోండి.

షాపు పేరు దొరికితే పని మారుతుంది. ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం వారి గాలికా డిజిటల్ భాండాగారంలో పాత సైకిల్ పత్రికలు, వ్యాపారుల చిరునామా పుస్తకాలు ఉన్నాయి. పట్టణం పేరు, సైకిల్ వ్యాపారుల విభాగం పట్టుకుని ఏటేటా చూస్తే ఆ షాపు ఎప్పటి నుంచి ఎప్పటి వరకు ఉందో తెలుస్తుంది. ఫ్రేము కాలం దాంతో సరిపోవాలి. సాంత్-ఎతియెన్‌లోని కళలు, పరిశ్రమల మ్యూజియంలో మంచి సైకిళ్ల సేకరణ ఉంది. వీలైతే వెళ్లి లగ్గుల దగ్గర ముక్కు ఆనించి చూడండి, కాపలావాళ్లు దగ్గితే వెనక్కి జరగండి.

అనుభవజ్ఞులను అడిగేటప్పుడు "ఇది ఏమిటో చెప్పండి" అని ఒక్క దూరపు ఫొటో పంపవద్దు. గొట్టాల కొలతలు, మర, వెనక దూరం, అంకె, బిళ్ల కన్నాల దూరం, లగ్గుల ఫొటోలు కలిపి పంపండి. పేరు మీరు ముందే చెప్పకండి. చెబితే చాలామంది మర్యాదకు అవునంటారు.

చివరగా, తేలినదాన్ని కాగితం మీద పెట్టండి. మూడు వరుసలు చాలు: కొలిచి చూసినవి, వాటి నుంచి గట్టిగా చెప్పగలిగినవి, ఊహ మాత్రమే అయినవి. నా కాగితంలో మొదటి వరుసలో మెట్రిక్ గొట్టాలు, 35 × 1 మర, 120 దూరం, మర లేని సిమ్‌ప్లెక్స్ పలకలు, బొకామా లగ్గులు, ఫ్రేము మీదా ఫోర్కు మీదా ఒకే నాలుగంకెల సంఖ్య ఉన్నాయి. రెండో వరుసలో విల్యోర్బాన్ షాపు అమ్మినది, అయిదు పళ్లచక్రాల కాలానిది అని రాశాను. మూడో వరుసలో, లియాన్ చుట్టుపక్కలే ఎవరో అతికి ఉంటారు అని పెన్సిలుతో రాశాను. ఆ కాగితాన్ని చుట్టి, మందుబిళ్లల ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి, సీటు కడ్డీ బిగించే ముందు సీటు గొట్టంలోకి జారవిడిచాను. ఫ్రేమును ఊపితే ఇప్పటికీ లోపల టక్కుమంటుంది.